మధ్యాహ్నం నీళ్లూ కొలవండి

మా భీమవరం వైపు రొయ్యల చెరువు గట్టు మీద ఏ ఇద్దరు కలిసినా కౌంటు రేటు, మేత రేటు అయ్యాక వచ్చేది పీహెచ్ సంగతే. "మాకు ఎనిమిదండీ." "మాకు తొమ్మిది, ఒక్కటే ఎక్కువ." కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరై, తమ్ముడితో కలిసి చెరువు చేస్తున్న నాకు ఈ లెక్క వింటే భయమేస్తుంది.

1909లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ కొలత తెచ్చాడు. నీళ్లలో హైడ్రోజన్ అయాన్ల గాఢత రాయాలంటే దశాంశ బిందువు తర్వాత బోలెడు సున్నాలు పెట్టాలి. ఆ బెడద తీర్చడానికి దాన్ని చిన్న అంకెల్లోకి దించాడు. అందుకే ఇందులో ఒక్కో అంకెకీ పదింతల తేడా. 7 తటస్థం. 6 అంటే దానికి పదింతల ఆమ్లం, 5 అంటే వందింతలు. 7 దాటి పైకి పోతే క్షారం, అక్కడా అదే లెక్క.

చెరువులో ఆ ఒక్క అంకె ఏం చేస్తుందో చూడండి. మిగిలిన మేత నుంచీ, రొయ్యల విసర్జన నుంచీ అమ్మోనియా పుడుతుంది. దానికి రెండు రూపాలు. ఒకటి అంతగా హాని చెయ్యదు, రెండోది మొప్పల్లోంచి లోపలికి పోయే విషం. 28 డిగ్రీల మంచినీటిలో పీహెచ్ 8 దగ్గర ఆ విషరూపం నూటికి 6, 7 పాళ్లే. 9 దగ్గర అది సుమారు 40. చెరువులో మొత్తం అమ్మోనియా కొంచెం కూడా పెరగకుండానే ఇదంతా జరుగుతుంది.

ఇంత ముఖ్యమైన అంకెని మనవాళ్లు చాలామంది పొద్దున్నే సీసాలో పట్టిన నీళ్లతో తేల్చేస్తున్నారు. రాత్రంతా జీవాలు వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల అప్పటికి పీహెచ్ దిగి ఉంటుంది. ఎండెక్కాక పచ్చటి ప్లాంక్టాన్ ఆ వాయువును లాగేసుకుంటుంది. ఈ ప్లాంక్టాన్ (బ్లూమ్) దట్టంగా ఉన్న చెరువులో పొద్దున 7.8 చూపించిన నీళ్లే మూడింటికి 9 చూపించొచ్చు. పొద్దుటి అంకె నమ్మి కాల్చిన సున్నం చల్లితే మధ్యాహ్నానికి ఇంకా ఎక్కుతుంది.

నీళ్లు పట్టిన సమయం రాయని పీహెచ్ రిపోర్టుని రిపోర్టు అనకూడదని నా అభిప్రాయం. ల్యాబులు ఆ గడి తప్పనిసరిగా పెట్టాలి, మత్స్యశాఖ పెట్టించాలి.

రైతులకు నా మనవి ఒక్కటే. తెల్లారుజామున ఒకసారి, మూడింటికి ఒకసారి కొలిచి రెండూ పక్కపక్కన రాసుకోండి. తేడా అర పాయింటు దాటితే పీహెచ్ ఊగకుండా పట్టి ఉంచే ఆల్కలినిటీ కూడా చూపించండి. ఆ తర్వాతే సున్నం బస్తా విప్పండి.