దుప్పి నేల, కృష్ణజింక నేల

భూపాలపల్లి నుంచి కాటారం మీదుగా కాళేశ్వరం వెళ్ళే దారిలో చాలాదూరం అడవే తోడు. ఈ ప్రాంతం వారికి ఆదిమానవుడంటే అడవి మనిషే. రేగొండ దగ్గరి పాండవుల గుట్టల్లో రాతి చిత్రాలు చూసినప్పుడు ఆ భావం మరింత బలపడుతుంది. కాని తెలుగునేలపై మానవుని తొలి చరిత్రలో ఒక ముఖ్యమైన ఘట్టం అడవిలో కాక, ఎండిన గడ్డినేలలో జరిగిందని నా అభిప్రాయం.

అందుకు సాక్ష్యం నేటి నంద్యాల జిల్లాలోని జ్వాలాపురం. అక్కడి జుర్రేరు లోయలో రవి కోరిశెట్టర్, మైఖేల్ పెట్రాగ్లియా బృందం తవ్వకాలు జరిపింది. సుమారు 74,000 ఏళ్ళ కిందట సుమత్రా దీవిలో పేలిన తోబా అగ్నిపర్వతపు బూడిద పొరకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రకటించింది. అవి మన జాతి మానవులవేనా అన్న వాదం ఇంకా తెగలేదు. అంత వివాదం లేనిది తరువాతి దశ. పైకప్పులా వాలిన ఒక బండ కింద, సుమారు 35,000 ఏళ్ళ కిందటి నుంచి, వేలెడైనా లేని సన్నని రాతి అలుగులు కనిపిస్తాయి.

ఆ కాలంలో వానలు తగ్గి, అడవులు తునకలై, గడ్డిబయళ్ళు విస్తరిస్తున్నాయి. 2024లో ప్రకాశం జిల్లాలో 41,000 ఏళ్ళనాటి నిప్పుకోడి గూడు బయటపడిన వార్త చదివే ఉంటారు. నిప్పుకోడి దట్టమైన అడవిలో బతికే పక్షి కాదు.

అడవి అంచున దుప్పిని పొంచి ఉండి దగ్గరగా కొట్టవచ్చు. ఆరుబయట కృష్ణజింక మనిషిని దూరం నుంచే పసిగట్టి పరుగు తీస్తుంది. అక్కడ కావలసింది దూరం పోయే తేలికైన ఆయుధం, విరిగిన అలుగు తీసి మరొకటి అమర్చుకునే వీలు, మంచి రాయి దొరకని చోటికి మోసుకుపోగలిగే తక్కువ బరువు. చిన్న అలుగు ఈ మూడింటికీ తగినది. ఎండుతున్న వాతావరణం, పెరుగుతున్న జనాభా కలిసి ఈ మార్పు తెచ్చాయని 2009లో ఆ పరిశోధకులు వాదించారు.

దీనికి ఆక్షేపణ లేకపోలేదు. శ్రీలంకలోని ఫాహియన్ గుహవాసులు సుమారు 45,000 ఏళ్ళ కిందటే చిన్న పనిముట్లతో వానఅడవిలో కోతులను, ఉడుతలను వేటాడారు. కనుక గడ్డినేలే చిన్న అలుగును పుట్టించిందనలేం. పనితనం ముందే ఉండవచ్చు. దాన్ని నిత్యావసరం చేసి, మనిషిని కొత్త చోట్లకు నడిపించింది మాత్రం ఎండిన నేలే అంటాను.

మరి ఆ నేలను ఈనాడు మనం ఏమంటున్నాం? బీడు, బంజరు. కేంద్ర ప్రభుత్వపు బంజరు భూముల అట్లాసులో తుప్పలున్న ఆరుబయలు నేలలు కూడా ఒక తరగతి. తెలంగాణ రాష్ట్ర జంతువు చుక్కల దుప్పి, ఆంధ్రప్రదేశ్‌ది కృష్ణజింక. రెండింటినీ గౌరవించాం, రెండు నేలలనూ గౌరవించలేదు. అడవి నరికితే నష్టమంటాం, గడ్డినేల దున్నితే బాగుపడిందంటాం. బట్టమేక పిట్ట కోసం జ్వాలాపురమున్న జిల్లాలోనే, రోళ్ళపాడులో, 1988లో రక్షిత ప్రాంతం ఏర్పడింది. ఆ పిట్ట ఇప్పుడక్కడ దాదాపు కనుమరుగైంది. విచిత్రమేమిటంటే, ఆ గడ్డినేలను కాపాడబోయినప్పుడు కూడా మనకు దొరికిన పేరు అభయారణ్యమే.

మన పూర్వీకులకు వేట నేర్పిన నేలకు సొంత పేరైనా ఇవ్వలేమా?