ముసలి ఎద్దు గడ్డి మానేస్తే తవుడు పెంచకండి

వీడియోలో గాడి ముందు నిలబడి, గడ్డిని వాసన చూసి, మొహం పక్కకి తిప్పుకునే తెల్ల ఎద్దు మా రాముడు. 17 ఏళ్లు దాటాయి. దాని జత ఎద్దు పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు దుక్కి లేదు, బండి లేదు. పేడ, మూత్రం మాత్రం ఆవుల వాటితో కలిపి జీవామృతంలోకి వాడుకుంటాం.

మొన్న సంక్రాంతి తర్వాత వీడు గడ్డి ముట్టడం మానేశాడు. కుడితి పెడితే తొట్టి నాకేస్తాడు. పచ్చిమేత వేస్తే ఆకు లాక్కుని కాడ వదిలేస్తాడు. ఎండు గడ్డి అయితే ఇంత నోట్లో పెట్టుకుని, కాసేపు నమిలి, ముద్దగా కింద పడేస్తాడు. "ముసలాడికి నాలుక రుచి మరిగింది" అని ఇంట్లో అందరం నవ్వుకున్నాం. డొక్కలు లోపలికి పోతుంటే చూడలేక నేనే తవుడు పెంచాను. కిలో నుంచి రెండు, రెండు నుంచి నాలుగు. పైగా నూకల జావ. ప్రేమతోనే లెండి.

పది రోజులకి పేడ పల్చబడింది, పులిసిన వాసన కూడా. ఎడమ డొక్క బిగిసింది. నెమరు ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే బేరగాడు గుమ్మంలోకి వచ్చాడు, వీళ్లకి ఎలా తెలుస్తుందో మరి. మా తమ్ముడు కూడా, "అన్నయ్యా, ఎన్నాళ్లు మేపుతావ్? రేపు కొట్టంలో పడిపోతే లేపడానికి నలుగురు కావాలి" అన్నాడు. వాడి మాట తప్పని నేను అనను. నలుగురు మనుషులు దొరకడం ఇప్పుడు ఎంత కష్టమో మీకూ తెలుసు.

పశువుల డాక్టరు గారు వచ్చి ముందు పొట్ట సంగతి చూశారు. తర్వాత నోరు తెరిపించి లైటు వేసి, "ఏవండీ, దీని దవడ పళ్లు ఎప్పుడైనా చూశారా?" అని అడిగారు. చూడలేదు. కొనేటప్పుడు రెండు పళ్లా, నాలుగు పళ్లా అని ముందు పళ్లు లెక్కపెడతాం, అంతటితో సరి. పశువుకి పై దవడలో ముందు పళ్లే ఉండవు, గట్టి చిగురు ఉంటుంది. గడ్డిని పిండి చేసేది వెనక ఉన్న దవడ పళ్లు. రాముడికి అవి ఒక పక్క నున్నగా అరిగిపోయాయి, ఇంకో పక్క ఒక పన్ను అంచు కత్తిలా లేచి బుగ్గని కోస్తోంది. ఆయన ఆ అంచు అరగదీశారు. అంటే వాడిది పేచీ కాదు, నొప్పి. మేము నెల రోజులు నవ్వుకున్నాం.

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ముసలి పశువు గడ్డి మానేస్తే మన వాళ్లు చేసే మొదటి పని తవుడు, నూకలు, దాణా పెంచడం. అదే పెద్ద తప్పు. పశువు పెద్ద పొట్టలో గడ్డిని అరగదీసేది సూక్ష్మజీవులు. వాటికి పీచు కావాలి. పిండి పదార్థం ఒక్కసారిగా ఎక్కువైతే అక్కడ పులుపు పెరిగి, పీచు అరిగించే జీవులు చచ్చిపోతాయి. ఆ పులుపుని విరిచేది లాలాజలం. అది బాగా ఊరేది నెమరు వేసినప్పుడు. నెమరు వేయించేది మళ్లీ పీచే. పీచు తగ్గించి తవుడు పెంచామంటే రెండు వైపులా దెబ్బ కొట్టినట్టు. పెళ్లిళ్లలో మిగిలిన అన్నం తిని ఆవులు చచ్చిపోయాయని వింటుంటామే, అది కూడా ఇదే జబ్బు.

మట్టిలో సూక్ష్మజీవుల గురించి గంటల తరబడి మాట్లాడుకుంటాం మనం. 200 లీటర్ల నీళ్లకి 10 కిలోల పేడ, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి అని నిద్రలో అడిగినా చెప్తాం. ఆ పేడ ఎక్కడి నుంచి వస్తోందో ఆ పొట్టలో ఏం పడుతోందో మాత్రం లెక్క రాయం. నేనూ రాయలేదు.

ఇప్పుడు ఏం పెడుతున్నానో చెప్తాను. రాముడు సుమారు 400 కిలోలు ఉంటాడు. తేమ తీసేసిన లెక్కలో రోజుకి బరువులో 2 శాతం, అంటే 8 కిలోల మేత పడాలి. వరిగడ్డి 4 కిలోలు, వేరుశనగ కట్టె 2 కిలోలు, పచ్చిమేత 10 కిలోలు (అందులో ఎండు సరుకు రెండు కిలోలే, మిగతాది నీళ్లు), తవుడు, చెక్క కలిపి ఒక్క కిలో. ఆ కిలో కూడా రెండు పూటలకి పంచి. ఒక్కసారిగా మార్చలేదు, రెండు వారాలు పట్టింది.

వరిగడ్డిని చాఫ్ కట్టర్‌లో అంగుళం ముక్కలుగా కొట్టిస్తాను. మరీ పొడి చేయకండి, పొడి అయితే నెమరు రాదు. మొదట్లో నేను ఆ తప్పు కూడా చేశాను, మెత్తగా ఉంటే ముసలాడికి సుఖం అనుకుని. ముక్కల మీద బెల్లం నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి చిలకరించి గంటసేపు నాననిస్తాను. రాత్రంతా నానబెడితే ఎండాకాలం పులిసిపోతుంది. జీవామృతం బెల్లం డబ్బాలోంచే తీస్తున్నానని మా ఇంటావిడ గొణుగుతుంది. ముందు పూట మిగిలిన తడి గడ్డి గాడిలో ఉంటే దాని మీద కొత్త మేత వేయకండి. కింది వాసనకి పైది కూడా ముట్టడు. నీళ్లు మాత్రం పుష్కలంగా ఉండాలి. ఎండు మేత పెంచి నీళ్లు తగ్గితే పొట్టలో గడ్డి కట్టేస్తుంది. చలికాలం పొద్దున నేను గోరువెచ్చగా పెడతాను, అరిగిన పళ్లకి చన్నీళ్లు జివ్వుమంటాయి కాబోలు, చల్లగా ఉంటే రెండు గుక్కలు తాగి ఆపేస్తున్నాడు.

జొన్న చొప్ప కూడా ఇష్టమే. పూత రాని లేత జొన్న, అందులోనూ నీళ్లందక వాడిన జొన్న పచ్చిగా పెట్టకండి. అది విషం.

ఇక గడ్డి గురించి. పేచీ అనుకున్న దాంట్లో సగం తప్పు గడ్డిదే. చేత్తో కోసి, పనల మీద ఆరబెట్టి, వామి వేసిన గడ్డి వేరు. మిషను కోసి, మంచులో తడిసి, అలాగే చుట్ట చుట్టిన గడ్డి వేరు. చుట్ట విప్పితే లోపల బూజు ముక్కుకి తగులుతుంది. పడుచు పశువు ఆకలికి తినేస్తుంది, ముసలిది తినదు. అది తిననిదాన్ని మనం ఒకసారి వాసన చూడాలి. వరిగడ్డిలో మాంసకృత్తులు ఎలాగూ తక్కువే. దానికి యూరియా కలిపి మాగబెట్టమంటారు. పశువులకి అది పనికొచ్చే పద్ధతే, కాదనను. మన ఇళ్లలో యూరియా సంచి ఉండదు కదా. ఆ పని వేరుశనగ కట్టె, మినుము పొట్టు, పిల్లిపెసర చేస్తాయి. మా బాపట్ల వైపు వరి కోతకి ముందు చేలో పిల్లిపెసర చల్లడం పాత అలవాటే. అపరాల మోజులో పడి వదిలేశాం. ఈ ఏడు నేను అరెకరం మళ్లీ చల్లాను.

దీని మీద మన వాళ్లతో నాకొక పేచీ ఉంది. పంట వ్యర్థం మొత్తం ఆచ్ఛాదనకే పరచాలి, పశువుకి వేస్తే నేల నష్టపోతుంది అంటారు కొందరు. నేను ఒప్పుకోను. మెత్తటి కట్టె, పొట్టు ముందు పశువు పొట్టలోకి వెళ్లాలి, పేడగా నేలకి వస్తుంది. మొదళ్లు, బూజు తగలని ముతక గడ్డి, కాడలు నేల మీద పరుద్దాం. రెండిటికీ చాలకపోతే పక్క చేలో తగలబెట్టే గడ్డి ఉండనే ఉంది, అడిగి తెచ్చుకుందాం. మందు కొట్టిన గడ్డి కదా అంటారా? దాన్ని ముసలి దానికి వేయను, చెట్ల మొదట్లో వేస్తాను. నాకు తోచిన రాజీ ఇది.

రాముడు నెమరు వేస్తుంటే ఒక్కో ముద్దకి ఎన్నిసార్లు నములుతున్నాడో లెక్కపెడుతుంటాను. వీడియో చివర్లో ఉంది, మీరూ లెక్కపెట్టండి. జబ్బు తగ్గిన కొత్తలో ఇరవై దాటేది కాదు. ఇప్పుడు 50 దాటుతోంది. పేడ మళ్లీ పొరలు పొరలుగా పడుతోంది. అప్పుడప్పుడు అందులో పొడుగు పీచులు కనిపిస్తాయి. అలా కనిపించిన వారం గడ్డిని ఇంకాస్త చిన్నగా కొట్టిస్తాను. ఆరు నెలలకోసారి నోరు చూడమని డాక్టరు గారికి చెప్పి పెట్టాను.

బేరగాడు పోయిన నెల మళ్లీ వచ్చాడు. తమ్ముడే గేటు దగ్గర మాట్లాడి పంపేశాడు. ఏం చెప్పాడో నేను అడగలేదు.

పేచీ పూర్తిగా పోయిందని కాదండి. జొన్న చొప్పలో కణుపులు ఇప్పటికీ ఒక్కొక్కటి ఏరి గాడి అంచున పెడతాడు. సాయంత్రం అవి ఎత్తి కొబ్బరి చెట్ల మొదట్లో వేస్తున్నాను.