680 కిలోమీటర్లు... రోజంతా ప్రయాణం!

తైవాన్ రాజధాని తైపే. చైనాలోని మహానగరం షాంఘై. మధ్యలో సముద్రం. పటం మీద స్కేలు పెట్టి గీత గీస్తే దూరం సుమారు 680 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ముంబైకి ఉన్నదానికన్నా కాస్త ఎక్కువ, అంతే. విమానం తిన్నగా వెళ్తే గంటన్నర చాలు. కానీ దాదాపు అరవై ఏళ్లపాటు అది తిన్నగా వెళ్లలేదు!

1949లో చైనా అంతర్యుద్ధంలో కమ్యూనిస్టులు గెలిచారు. ఓడిన చియాంగ్ కైషేక్ ప్రభుత్వం తైవాన్‌కి తరలిపోయింది. దాంతో రెండు ఒడ్డుల మధ్యా రాకపోకలు బంద్. అప్పుడు ప్రభుత్వంతోపాటు లక్షల మంది సైనికులు కూడా తైవాన్ చేరారు, అమ్మానాన్నల్నీ భార్యాబిడ్డల్నీ అవతల వదిలేసి. కొన్నాళ్లలో వెనక్కి వెళ్లిపోతామనే అనుకున్నారు. ఆ కొన్నాళ్లు కాస్తా 38 ఏళ్లయ్యాయి! అవతలి బంధువుల్ని చూసి రావడానికి తైవాన్ అనుమతించింది 1987 నవంబరులో. అప్పటికి కుర్రాళ్లు తాతలైపోయారు. అమ్మను చూద్దామని వెళ్లి, సమాధి దగ్గర దణ్ణం పెట్టుకుని వచ్చినవాళ్లు ఎందరో.

అనుమతి వచ్చింది సరే, మరి విమానం? అది మాత్రం రాలేదు. తైపేలో ఎక్కి ముందు నైరుతి దిక్కుగా 800 కిలోమీటర్లు వెళ్లి హాంకాంగ్‌లో దిగాలి. అక్కడ ఇంకో విమానం పట్టుకుని మళ్లీ పైకి, ఈశాన్యానికి 1,200 కిలోమీటర్లు రావాలి. పక్కింటికి వెళ్లడానికి ఊరు చుట్టి రావడమన్నమాట. మధ్యలో పడిగాపులతో కలిపి రోజులో ఎక్కువ భాగం దీనికే సరి. 1995లో మకావ్ విమానాశ్రయం తెరిచాక ఇంకో తమాషా... అక్కడ విమానం దిగి మళ్లీ ఎగిరేది. మారేది దాని నంబరు మాత్రమే!

2003లో చైనా కొత్త సంవత్సరం పండక్కి తైవాన్ విమానాలు హాంకాంగ్‌లో ఆగి షాంఘై వెళ్లాయి. 2005 పండక్కి ఆ ఆగడం తప్పింది. 2008 జులై 4 నుంచి వారాంతాల్లో విమానాలు మొదలయ్యాయి. అయినా హాంకాంగ్ గగనతలం మీదుగా చుట్టు తిరిగి వెళ్లాల్సిందే. దిగకపోయినా ఆ ఆకాశాన్ని తాకి రావాలి! చివరికి 2008 డిసెంబరు 15న తిన్నని దారి తెరుచుకుంది. ప్రయాణం ఒక్కసారిగా గంటకు పైగా తగ్గిపోయింది. అదే రోజు నుంచి ఓడలూ ఉత్తరాలూ కూడా నేరుగా వెళ్లసాగాయి. 2010 జూన్‌లో రెండు నగరాల నడిబొడ్డుకు దగ్గరగా ఉన్న సాంగ్‌షాన్, హాంగ్‌చావ్ విమానాశ్రయాలను కలిపేశారు. వ్యాపారులు పొద్దున వెళ్లి, పని చూసుకుని, రాత్రికి ఇల్లు చేరుకునే వీలు కలిగింది.

1949లో ఇరవై ఏళ్లున్న సైనికుడికి, తిన్నని దారి తెరుచుకునేనాటికి డెబ్బై తొమ్మిది.