సలహా లేని సింహాసనం



గత నెల ఒక జుమా నమాజు ముగిశాక పుంగనూరు, కుప్పంల నడుమనున్న ఒక పల్లె నుంచి నలుగురు పెద్దలు మదనపల్లెలోని మా మదరసాకు వచ్చారు. వారి మసీదు కమిటీలో రెండేళ్లుగా కలహాలు. లెక్కలు తేలడం లేదు, సమావేశం పెడితే కేకలు తప్ప తీర్మానాలు లేవు. ఆ ఊరి నుంచి వెళ్లి వ్యాపారంలో బాగుపడిన ఒక సోదరుడు ఉన్నారు. దానశీలి, నమాజీ. కమిటీని రద్దు చేసి మసీదు, ఖబ్రస్తాన్, దుకాణాల బాడుగలు అన్నీ ఆయన ఒక్కరి చేతికే అప్పగించాలని వారి ఆలోచన.

"షరీఅతులో తప్పేమీ లేదని ఒక కాగితం రాసివ్వండి హజ్రత్, ఊళ్లో నోళ్లు మూతపడతాయి" అన్నారు. వారిలో పెద్దవాడు మరో మాట చేర్చాడు: "నిజాం నవాబు అంత పెద్ద రాజ్యాన్ని ఒంటిచేత్తో ఏలలేదా? మనదెంత, ముప్పై ఇళ్ల జమాఅత్!"

మేము ఆ రోజు కాగితం రాయలేదు. కొంత గడువు కోరాము. ఆయన నిజాం పేరు ఎత్తారు గనుక నిజాం చరిత్ర ఏమి చెబుతుందో ముందు చూసి, తరువాత దీన్ ఏమి చెబుతుందో చూడడం న్యాయమని తోచింది. ఆ పెద్దలకు ఇవ్వవలసిన జవాబే ఈ నెల మా శీర్షిక.

నిజాం రాజ్యంతో మన ప్రాంతానికి సంబంధం లేదని అనుకోవద్దు. 1800లో నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో ఒప్పందం చేసుకుని, తన రాజ్యంలో ఉంచుకునే కంపెనీ సైన్యం ఖర్చు కింద కడప, బళ్లారి ప్రాంతాలను వారికి ధారాదత్తం చేశాడు. అందుకే వీటికి దత్తమండలాలని పేరు వచ్చింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె ఆ కడప జిల్లాలోనిదే. ఒక సంతకంతో లక్షల మంది ప్రభువు మారిపోయాడు. ఆ సంతకానికి ముందు మన తాతముత్తాతలను ఎవరూ ఒక్క మాట అడగలేదు.

ఇక ఆ పెద్దాయన చెప్పిన "ఒంటిచేతి పాలన" సంగతి. అది నిజంగానే జరిగింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో గద్దెనెక్కారు. మరుసటి ఏడాది మీర్ యూసుఫ్ అలీ ఖాన్‌ను దివాన్‌గా నియమించారు. హైదరాబాదులో మనం పిల్లలకు చూపించే మ్యూజియంలోని వస్తువులను సేకరించిన మూడవ సాలార్ జంగ్ ఆయనే. అప్పటికి ఆయన వయసు ఇరవై మూడేళ్లు. రెండేళ్లకే, 1914లో, ఆయన ఆ పదవి నుంచి తప్పుకున్నారు. నిజాం మరొకరిని దివాన్‌గా నియమించలేదు. కార్యనిర్వాహక అధికారాన్నంతా తానే చేపట్టారు. 1919 వరకు, అంటే ఐదేళ్లపాటు, రాజుకూ ప్రజలకూ నడుమ బాధ్యత వహించే మంత్రి లేడు.

ఆ ఐదేళ్లలో మంచి జరగలేదా? జరిగింది, దాన్ని దాచడం న్యాయం కాదు. 1908 నాటి మూసీ వరదల గాయాన్ని మాన్పే జలాశయ నిర్మాణం ఆ కాలంలో సాగింది. ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య నేర్పే ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో స్థాపితమైంది. అయితే దాని పుట్టుకను గమనించండి. అక్బర్ హైదరీ అనే అధికారి సవివరమైన నివేదిక సమర్పించారు, నిజాం దానిని ఆమోదించారు. అంటే ఆ ఒంటిచేతి పాలనలో మిగిలిన మేలు కూడా ఒకరి సలహాను వినడం వల్లనే మిగిలింది.

సలహా లేని చోట ఏమి జరిగిందో కూడా చూడాలి. 1914 నవంబరులో ఉస్మానియా తుర్కీ యుద్ధంలోకి దిగింది. భారత ముస్లింలు బ్రిటిషు ప్రభుత్వం పక్షానే నిలవాలని కోరుతూ నిజాం ప్రకటన జారీ చేశారు. యుద్ధానికి అపారమైన ధనం ఇచ్చారు. ఖిలాఫత్ పట్ల ఈ దేశపు ముస్లింల హృదయాలు ఎంతగా తల్లడిల్లాయో తరువాతి ఉద్యమం చూపింది. నిజాం నిర్ణయం ఒప్పో తప్పో తేల్చడం ఇక్కడ మా పని కాదు. ఆ ధనం ప్రజలది, ఆ ప్రకటన ప్రజల పేరిట జరిగింది, కానీ "ప్రభూ, ఇది తగునా?" అని అడిగే బాధ్యత గల మనిషి దర్బారులో లేడు. మేము చెప్పదలచినది ఇంతే.

1919 నవంబరులో నిజాం 'బాబె హుకూమత్' పేరుతో కార్యనిర్వాహక మండలిని ఏర్పాటు చేసి సర్ అలీ ఇమామ్‌ను అధ్యక్షుడిగా నియమించారు. ఐదేళ్ల అనుభవం తరువాత ఒక్క మనిషి ఇంత భారం మోయలేడని సింహాసనం కూడా ఒప్పుకున్నట్లయింది. కానీ ఆ మండలి సభ్యులను నియమించేదీ ఆయనే, తొలగించేదీ ఆయనే. రాజ్యంలో తెలుగు, మరాఠీ, కన్నడ మాట్లాడే ప్రజలే అధికులు. వారికి గానీ, సామాన్య ముస్లింకు గానీ ఆ మండలిని ప్రశ్నించే మార్గం లేదు. బహిరంగ సభ పెట్టాలంటే ముందుగా అనుమతి కావాలని 'గస్తీ నిషాన్ 53' అనే ఉత్తర్వు వచ్చింది. 1938లో స్టేట్ కాంగ్రెస్ ఇంకా ఏర్పడక ముందే దానిని నిషేధించారు. సంస్కరణల కమిటీలు కూర్చున్నాయి, ప్రకటనలు వెలువడ్డాయి. ప్రజలకు జవాబు చెప్పవలసిన మంత్రివర్గం మాత్రం ఆయన పాలన చివరిదాకా ఏర్పడలేదు.

కుప్పం వారికి బాగా తెలిసిన పొరుగు ఉదాహరణ ఒకటి ఉంది. సరిహద్దు దాటితే కోలారు, ఒకప్పటి మైసూరు రాజ్యం. అక్కడ 1881లోనే ప్రజాప్రతినిధి సభ మొదలైంది. దాని అధికారాలు స్వల్పమే. అయినా రైతులు, వర్తకులు ఏటా దివాన్ ముందు నిలబడి తమ బాధలు చెప్పుకునేవారు. అటువంటి రాజ్యంలో 1926 నుంచి 1941 వరకు దివాన్‌గా పనిచేసి కీర్తి గడించిన మీర్జా ఇస్మాయిల్‌ను 1946లో నిజాం తన ప్రధానమంత్రిగా పిలిపించారు. ఆయన భారత ప్రభుత్వంతో రాజీయే మేలని సలహా ఇచ్చారు. ఆ సలహాకు అక్కడ స్థానం దొరకలేదు. ఏడాది తిరగకుండానే ఆయన పదవి వదులుకున్నారు.

ఆ తరువాత వచ్చింది 1947 అక్టోబరు. భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం ముసాయిదా సిద్ధమైంది. నిజాం మండలిలో ఆరుగురు అనుకూలంగా, ముగ్గురు వ్యతిరేకంగా ఓటు వేశారు. నిజాం కూడా సమ్మతించారు. 27వ తేదీ ఉదయం ప్రతినిధులు ఢిల్లీకి బయలుదేరవలసి ఉండగా రజాకార్ల గుంపులు వారి ఇళ్లను చుట్టుముట్టాయి. ప్రయాణం ఆగిపోయింది. నిజాం మనసు మార్చుకున్నారు. ప్రధానమంత్రి ఛతారీ నవాబు రాజీనామా చేశారు. నవంబరు 29న ఒప్పందం జరిగింది గానీ, అప్పటికే రాజ్యం పగ్గాలు ఎవరి చేతుల్లోకి పోయాయో లోకానికి తెలిసిపోయింది.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆరుగురి మాట ఎందుకు నిలవలేదు? ఆ ఆరుగురి వెనుక ప్రజలు లేరు. వారు ఎవరి ప్రతినిధులూ కారు, నిజాం నియమితులు మాత్రమే. ముప్పై ఏళ్లపాటు ప్రజల గొంతును మూసి ఉంచిన రాజ్యంలో, కీలకమైన రోజున వీధిలో బిగ్గరగా అరిచినవారి గొంతే ప్రజల గొంతుగా చెలామణి అయింది. అధికారాన్నంతా ఒక్కచోట పోగుచేస్తే అది బలపడుతుందని అనుకుంటాము. నిజానికి, దానిని లాక్కునేవాడికి పని తేలికవుతుంది.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 17న నిజాం లొంగుబాటును ప్రకటించారు. ఆయన ప్రాణానికి గానీ ఆస్తికి గానీ ముప్పు రాలేదు. తరువాత రాజప్రముఖ్ కూడా అయ్యారు. మూల్యం చెల్లించినది ఎవరు? అంతకుముందు రజాకార్ల చేతుల్లో నలిగిన పల్లెల ప్రజలు. ఆ తరువాత, ఏ నిర్ణయంలోనూ పాలు లేని ముస్లిం రైతులు, కూలీలు, నేతగాళ్లు, వారి భార్యాబిడ్డలు. భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ బృందం మృతుల సంఖ్యను 27 వేల నుంచి 40 వేల వరకు అంచనా వేసింది. సలహా అడగని సింహాసనం చేసిన అప్పును, సలహా అడగబడని వారు తీర్చారు.

ఇది ఒక్క హైదరాబాదు కథ కాదు. మన పొరుగునున్న నేపాల్‌లో 2005 ఫిబ్రవరి 1న రాజు జ్ఞానేంద్ర ప్రధానమంత్రిని తొలగించి కార్యనిర్వాహక అధికారాన్ని చేపట్టారు. పార్టీలు విఫలమయ్యాయి, తిరుగుబాటును అణచలేకపోయాయి అన్నది ఆయన వాదన. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ప్రజలు వీధుల్లోకి రాగా పార్లమెంటును పునరుద్ధరించక తప్పలేదు. 2008లో రాజరికమే రద్దయింది. పార్టీల వైఫల్యం అబద్ధం కాదు. ఆ వైఫల్యానికి ఆయన ఎంచుకున్న మందే తప్పు.

ఇప్పుడు దీన్ వైపు చూద్దాం. "కమిటీ విఫలమైంది గనుక సంప్రదింపే వద్దు" అన్న వాదనకు ఉహుద్ సంఘటన స్పష్టమైన జవాబు. శత్రువులు మదీనాపైకి వచ్చినప్పుడు నగరంలోనే ఉండి ఎదుర్కోవాలన్నది దైవప్రవక్త (సఅసం) అభిప్రాయం. బయటికి వెళ్లి పోరాడాలని ఎక్కువమంది, ముఖ్యంగా యువకులు, కోరారు. వహీ అందుకునే మహనీయులు వారి అభిప్రాయాన్ని మన్నించారు. ఆ యుద్ధంలో డెబ్బై మంది సహాబాలు అమరులయ్యారు; హజ్రత్ హమ్జా (రజి) వారిలో ఒకరు. లోకరీతిలో అయితే "ఇక మిమ్మల్ని అడిగేది లేదు" అనవలసిన ఘట్టమది. కానీ ఆ సందర్భంలో అవతరించిన ఆలి ఇమ్రాన్ సూరా 159వ ఆయతులో, వారిని క్షమించమని, వ్యవహారాల్లో వారిని సంప్రదిస్తూనే ఉండమని ఆదేశం వచ్చింది. సంప్రదింపు తరువాత నష్టం జరిగిన సందర్భంలోనే సంప్రదింపును కొనసాగించమని ఆజ్ఞ! దీనికి మించిన రుజువు మాకు తెలియదు.

షూరా సూరా 38వ ఆయతు సంప్రదింపును విశ్వాసుల గుణాల్లో నమాజుకూ దానానికీ నడుమ పేర్కొన్నది. బఖరా సూరా 233వ ఆయతు బిడ్డకు పాలు మాన్పించే విషయంలో సైతం తల్లిదండ్రులిద్దరి సమ్మతిని, సంప్రదింపును ప్రస్తావించింది. ఒక పసిబిడ్డ పాల విషయమే ఒక్కరి ఇష్టానికి వదలని ధర్మం, ఒక జమాఅత్ ఆస్తిని ఒక్కరి ఇష్టానికి వదులుతుందా? హుదైబియాలో దైవప్రవక్త (సఅసం) తమ సతీమణి ఉమ్మె సలమా (రజి) సలహాను పాటించారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖలీఫా అయిన తొలి ప్రసంగంలోనే, తాను తప్పితే సరిదిద్దమని ప్రజలను కోరారు.

ఇతరులకు బోధించే ముందు మా తప్పును కూడా ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం బాలికల మక్తబ్ వేళను సాయంత్రం నుంచి తెల్లవారుజాముకు మార్చాము. ఎవరినీ అడగలేదు; మంచి పనికి అడగడమెందుకు అనుకున్నాము. నెల తిరిగేసరికి పెద్ద పిల్లలు రావడం మానేశారు. వారి తల్లులు ఆ వేళకు టమాటా మార్కెట్టుకు పనికి వెళతారు, ఇంట్లో పసివాళ్లను చూసుకునేది ఈ పిల్లలే. ఒక్క తల్లిని అడిగి ఉంటే తెలిసేది. వేళను మళ్లీ మార్చాము గానీ, వారిలో కొందరు తిరిగి రాలేదు.

కనుక ఆ నలుగురు పెద్దలకు మా జవాబు ఇది. మీరు కోరిన కాగితం మేము రాయలేము. ఆ సోదరుని దానాన్ని కృతజ్ఞతతో స్వీకరించండి. ఆయనను కమిటీలోకి ఆహ్వానించండి. తాళంచెవులన్నీ మాత్రం ఒకే జేబులో వేయకండి. డబ్బు తీయడానికి రెండు సంతకాలు ఉండనివ్వండి. బాడుగల లెక్క ప్రతి నెలా జుమా రోజున మసీదు గోడపై అంటించండి. పదవికి గడువు పెట్టండి. స్త్రీల అభిప్రాయం కూడా తెలుసుకోండి. వక్ఫ్ నియమాలు ఎలాగూ పాటించాలి. కలహం వచ్చిన ప్రతిసారీ కమిటీని మార్చండి, అవసరమైతే మనుషులందరినీ మార్చండి, కానీ సంప్రదింపును రద్దు చేయకండి. ఆ సోదరుడు నేడు మంచివాడే. రేపు ఆయన స్థానంలో ఎవరు కూర్చుంటారో అల్లాహ్‌కే ఎరుక.

ఈ మాట మసీదు గుమ్మం దగ్గరే ఆగిపోకూడదు. కూతురి నికాహ్, కొడుకు చదువు, పొలం అమ్మకం వంటివి నిశ్చయించే ముందు ఇంటి పెద్దలు భార్యాబిడ్డల మాట వినాలి. ఓటు వేసే రోజు వస్తే, "అన్నీ నాకు వదిలేయండి" అనే నాయకుని ఒక్క ప్రశ్న అడగాలి: "అయ్యా, మీరు పొరపాటు చేస్తే మేము ఎవరికి చెప్పుకోవాలి?"

అల్లాహ్ మన పెద్దలకు వినే చెవులను, మన చిన్నలకు మర్యాదతో కూడిన ధైర్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.