బొమ్మరైలు అనవద్దు

రైళ్ళంటే ప్రాణం పెట్టే పిల్లవాణ్ణి చూసినప్పుడు మనవాళ్ళు ముందు నవ్వుతారు, తరువాత సలహా ఇస్తారు. ఆరేడేళ్ళ వయస్సులో ఆ ఇష్టం ముద్దుగా కనిపిస్తుంది. పదిహేడేళ్ళు నిండినా అది తగ్గకపోతే ఇంట్లో ఆందోళన, ఇరుగుపొరుగులో హేళన, కార్యాలయాలలో అనుమానం మొదలవుతాయి. మొదటి రెండింటి గురించి ఇక్కడ చెప్పబోవడం లేదు. మూడవదానిలో నాకూ భాగం ఉన్నది కనుక దాని గురించే ఈ వ్యాసం.

మా అక్కగారి అబ్బాయి టెక్కలిలో ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. ఆ ఊరి మీదుగా ఒకప్పుడు నడిచిన పార్లాకిమిడి లైట్ రైల్వే అంటే అతడికి తగని మక్కువ. నౌపడా నుండి పార్లాకిమిడి వరకు ఆ లైను 1900లో ప్రారంభమైంది. పార్లాకిమిడి మహారాజు గౌరచంద్ర గజపతి సుమారు 7 లక్షల రూపాయల ఖర్చుతో వేయించారు. 1931 నాటికి అది గుణుపురం దాకా సాగింది. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు మాత్రమే. 2004లో ఆ చిన్న బండి ఆగిపోయింది. లైను బ్రాడ్‌గేజిగా మారి 2011లో తిరిగి తెరచుకున్నది. అంటే మా మేనల్లుడు పుట్టేనాటికే అతడు ప్రేమించిన రైలు లేదు. నేను చిన్నతనంలో ఎక్కి, మరచిపోయాను. అతడు ఎక్కకుండానే గుర్తు పెట్టుకున్నాడు.

ఆ లైను మీద పనిచేసి పదవీ విరమణ చేసినవారి ఇళ్ళ చుట్టూ అతడు సైకిలు మీద తిరిగాడు. పొగగొట్టం నుండి నల్లటి పొగ దట్టంగా వస్తుంటే బొగ్గు ఎక్కువై గాలి చాలడం లేదని అర్థమట. పలచని బూడిదరంగు పొగే మంచి మంటకు గుర్తట. వాన కురిసి పట్టా జారుతుంటే ఇసుక ఎంత వేయాలో, ఎప్పుడు వేయాలో ఒక పెద్దాయన చెప్పిన మాటలు రెండు నోటు పుస్తకాలలో రాసుకున్నాడు. చరిత్రలో ఎం.ఏ. చేసిన నేను సంధి పత్రాలూ శిస్తు లెక్కలూ చదివాను గాని, ఒక ఫైర్‌మన్‌తో కూర్చుని మాట్లాడవలసిన అవసరం ఉందని ఏ గురువూ నాకు చెప్పలేదు.

ఆ ఇంజనుకు 1:24 కొలతలో ఒక నమూనా చేయాలని అతడు పూనుకున్నాడు. ఆ కొలతలో పట్టాల మధ్య ఎడం సుమారు 32 మిల్లీమీటర్లు అవుతుంది. డబ్బా రేకులు, గొడుగు ఊచలు, పాత గడియారం పళ్ళచక్రాలు పోగుచేశాడు. అయితే చక్రం వ్యాసమెంత, కడ్డీ పొడవెంత అన్నవి ఊహించి చేయదలచుకోలేదు. పాత డ్రాయింగుల నకలు ఇప్పించవలసిందని ఒక కార్యాలయానికి రాశాడు. జవాబు రాలేదు. మళ్ళీ రాశాడు. స్వయంగా వెళితే, "పోటీ పరీక్షలకు చదువుకోవలసిన వయస్సులో నీకెందుకయ్యా ఈ బొమ్మరైళ్ళు?" అని ఒక ఉద్యోగి మందలించి పంపాడట. ఇంటికి వచ్చి, "మావయ్యా, మీ ఆఫీసులోనూ ఇలాగే అంటారా?" అని అడిగాడు. అంటాము. కొన్నేళ్ళ క్రితం పాత రికార్డుల గది చూపమని వచ్చిన ఒక విద్యార్థిని, సరైన నమూనాలో దరఖాస్తు లేదన్న కారణంతో, తల ఎత్తకుండానే పంపివేసినవాణ్ణి నేను.

ఈ 'బొమ్మరైలు' అన్న మాట దగ్గరే మన తప్పు మొదలవుతున్నది. పర్యాటక శాఖల కరపత్రాల నుండి పాఠ్యపుస్తకాల దాకా డార్జిలింగ్ రైలును, ఊటీ రైలును బొమ్మరైళ్ళనే పిలుస్తున్నాము. అవి బొమ్మలు కావు. పట్టాల మధ్య దూరం తగ్గితే బండి మరింత గట్టి వంపు తిరగగలదు. వంపు తిరగగలిగితే కొండను తొలచడం, వంతెనలు కట్టడం, కట్టలు పోయడం తగ్గుతాయి. పెద్ద లైనుకు గిట్టుబాటు కాని ప్రదేశానికి కూడా రైలు చేరుతుంది. వేల్స్ దేశంలోని ఫెస్టినియోగ్ రైల్వే రెండడుగులు కూడా నిండని గేజి మీద పలకరాయిని మోసేది. 1863లో అది ఆవిరి ఇంజన్లు ప్రవేశపెట్టి, అంత సన్నని పట్టా మీద కూడా అవి పనిచేస్తాయని లోకానికి చూపింది. 1881లో పూర్తయిన డార్జిలింగ్ రైలు మైదానం నుండి బయలుదేరి, చుట్టుమలుపులతో, ముందుకూ వెనక్కూ నడిచే జిగ్‌జాగ్‌లతో, ఘుమ్ వద్ద 2,200 మీటర్లకు పైగా ఎక్కుతుంది. నీలగిరి రైలు కల్లార్ నుండి కూనూరు దాకా పట్టాల నడుమ అమర్చిన పళ్ళకడ్డీని పట్టుకుని ఎగబాకుతుంది. పరిమాణం చిన్నదైనంత మాత్రాన పనిని ఆట అనవచ్చునా? అలాగైతే కంసాలి పనిని కూడా ఆట అనవలసి వస్తుంది.

ఇక నిజంగా చిట్టిరైళ్ళు కూడా ఉన్నాయి. ఇంగ్లండులో కెంట్ తీరాన రామ్నీ, హైత్, డిమ్‌చర్చ్ రైల్వే 1927లో మొదలైంది. దాని గేజి 15 అంగుళాలే. పెద్ద ఇంజన్లకు మూడవ వంతు పరిమాణంలో చేసిన ఆవిరి ఇంజన్లు దానిని లాగుతాయి. కారు పందేల మోజున్న ఒక ధనికుడి సరదాగా పుట్టిన ఆ లైను రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైన్యానికి కూడా పనికివచ్చింది. ఇదంతా సరదా అని తోసిపుచ్చేవారు, సరదా ఎక్కడ ముగుస్తుందో, విద్య ఎక్కడ మొదలవుతుందో కాస్త చెప్పాలి. చిన్న బాయిలరు కూడా పెద్ద బాయిలరు లాగే పేలగలదు. దానికీ సేఫ్టీవాల్వు కావాలి, పరీక్ష కావాలి, దానిని నడిపేవాడికి క్రమశిక్షణ కావాలి.

వారసత్వ రక్షణ విషయంలో మన ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనడం అన్యాయం. ఢిల్లీలో జాతీయ రైలు మ్యూజియం 1977 నుండి ఉన్నది. డార్జిలింగ్ రైలుకు 1999లో, నీలగిరి రైలుకు 2005లో, కాల్కా-సిమ్లా రైలుకు 2008లో యునెస్కో గుర్తింపు లభించింది. అయితే సాధారణంగా మనకు తెలిసిన రక్షణ ఏమిటి? ఇంజనుకు నల్లరంగు, ఎర్రరంగు పూసి, కార్యాలయం ముందు సిమెంటు దిమ్మె మీద నిలబెట్టి, చుట్టూ గొలుసు కట్టడం. లేదా ఖరీదైన టిక్కెట్టు పెట్టి పర్యాటకుణ్ణి ఎక్కించడం. మొదటిదానిలో ఇనుము మిగులుతుంది, రెండవదానిలో ఆదాయం మిగులుతుంది. పనితనం ఎవరి చేతిలో మిగులుతున్నదని ఎవరూ అడగరు.

పనితనం మిగలదని కాదు. తిరుచిరాపల్లిలోని గోల్డెన్ రాక్ వర్క్‌షాపు ఈ శతాబ్దంలోనే నీలగిరి రైలు కోసం కొత్త ఆవిరి ఇంజన్లను తయారుచేసింది. దేశమంతటా ఆవిరి శకం ముగిసిన తరువాత ఆ పని చేయగలిగిన చేతులు అక్కడ ఉన్నాయంటే, వాటి నుండి మరికొన్ని చేతులు నేర్చుకోవచ్చునన్నమాట. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద రైల్వే వర్క్‌షాపులు ఫిట్టర్లను, వెల్డర్లను, మెషినిస్టులను చేర్చుకుంటూనే ఉన్నాయి. వారిలో ఆసక్తి ఉన్న కొందరికి బాయిలరు పని నేర్పడానికి కొత్త చట్టం అక్కరలేదు, ఒక ఉత్తరువు చాలు.

ఇతరులు ఏమి చేశారో చూద్దాం. వేల్స్‌లోని టాలిలిన్ రైల్వే 1950లో యజమాని మరణంతో మూతపడే స్థితికి వచ్చింది. రచయిత టామ్ రోల్ట్, ఆయన మిత్రులు ఒక సంఘంగా ఏర్పడి, 1951 నుండి తామే నడపసాగారు. ఔత్సాహికులు కాపాడి నడిపిన తొలి రైలు లోకంలో అదే. ఉద్యోగాలు చేసుకునేవారు, విద్యార్థులు, చివరకు పిల్లల రైలు కథలు రాసే ఒక మతగురువు కూడా సెలవుల్లో వెళ్ళి అక్కడ పనిచేశారు. అక్కడా అన్నీ సవ్యంగా లేవు. బడి వయస్సు పిల్లలను రైల్వే వంటి సంస్థలలో పనికి పెట్టరాదనే 1920 నాటి చట్టం స్వచ్ఛంద సేవకు కూడా అడ్డు వస్తున్నదని ఇటీవలి సంవత్సరాలలో బ్రిటిష్ పార్లమెంటు ఎగువ సభలో బిల్లు పెట్టి వాదించారు. బాలకార్మిక నిషేధాన్ని సడలించకుండా బాలల ఉత్సాహానికి చోటు ఎలా కల్పించాలన్నది వారి తర్జనభర్జన. మన దగ్గర ఆ తర్జనభర్జన కూడా లేదు. తలుపు మూసి ఉండడమే మనకు సౌకర్యం.

ఇక్కడ రెండు ఆక్షేపణలు వస్తాయి. మొదటిది అధికారులది: రైలు ఆవరణ ప్రమాదకరం, నియమాలు ఒప్పవు. నిజమే. 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షను ప్రకారం చట్టబద్ధమైన అధికారం లేకుండా రైల్వే స్థలంలోకి ప్రవేశించడం నేరం. ఆరు నెలల జైలు గాని, వెయ్యి రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ఆ సెక్షను ఉండవలసిందే. కాని 'అధికారం లేకుండా' అని చట్టం అన్నదంటే, అధికారం ఇచ్చే దారి ఒకటి ఉండాలని దాని అర్థం. నెలకు ఒక రోజు, ఒక ఇన్‌స్పెక్టరు వెంట, పదిమంది పిల్లలు షెడ్డు చూడడానికి అనుమతి పత్రం ఎందుకు ఉండకూడదు? అది లేనిచోట ఆసక్తి ఉన్న కుర్రవాడు గోడ దూకుతాడు; అప్పుడు ప్రమాదం నిజంగానే జరుగుతుంది.

రెండవ ఆక్షేపణ సాహిత్య మిత్రులది: ఈ చిన్న రైళ్ళ మోజంతా దొరల కాలం మీద బెంగ కాదా? ఆ బెంగ కొందరిలో ఉన్నదని ఒప్పుకుంటాను. తేయాకు పెట్టె మోసినవాణ్ణి మరచి బంగళా వరండాను తలచుకునే వ్యాసాలు నేనూ చదివాను. అయితే మా మేనల్లుడి నోటు పుస్తకంలో దొర లేడు. ఆ లైను ఒక స్వదేశీ జమీందారు వేయించినది. పాతపట్నంలో తెలుగు, పార్లాకిమిడిలో ఒడియా, గుణుపురం సంతలో సవర భాష వినిపించే దారి అది. కట్ట పోసిన కూలీలు ఏ ఊరివారు, వారికి దినకూలి ఎంత ఇచ్చారు అని అతడు నన్ను అడిగిన ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. ఇది బెంగ కాదు, పరిశోధన.

ఆ సమాధానం ఉంటే పాత పత్రాలలోనే ఉండాలి. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం ప్రకారం 1892కు ముందు పుట్టిన పత్రాన్ని, చదవడానికి వీలులేనంతగా చెడిపోతే తప్ప, నాశనం చేయరాదు. 1900లో మొదలైన మన చిన్న రైలు ఆ గీతకు ఎనిమిదేళ్ళు ఇవతల పడింది. దాని కాగితాలు ఉంచాలా, తీసివేయాలా అన్నది పాతికేళ్ళు దాటిన రికార్డులను సమీక్షించే అధికారి విచక్షణకు వదిలిన విషయం. ఆ అధికారికి ఏ కాగితం విలువైనదో ఎవరు చెప్పాలి? ఎవరూ అడగని కాగితం విలువలేనిదిగా కనిపించడం సహజం. అడిగేవాడు పదిహేడేళ్ళ కుర్రవాడైతే, ఆ అడగడమే ఆ కాగితానికి రక్ష.

గేజి మార్పును నేను వ్యతిరేకించడం లేదు. గుణుపురం మనిషి విశాఖపట్నానికి బండి మారకుండా రాగలగడం ఏ జ్ఞాపకం కన్నా పెద్ద మేలు. మా మేనల్లుడు కూడా ఆ మాటే అంటాడు. కొత్త బండిలో కూర్చునే పాత కట్ట ఎక్కడ పక్కకు తొలగిందో చూపిస్తాడు. అతడు పాత రైలును తిరిగి నడపమనడం లేదు. అది ఎలా నడిచిందో తెలుసుకోనివ్వమంటున్నాడు.

మూడవ దరఖాస్తు గత నెలలో పంపాడు. ఈసారి అందులో చట్టం పేరు, సంవత్సరం, కావలసిన డ్రాయింగుల వివరం నేనే దగ్గరుండి రాయించాను. రసీదు వచ్చింది. చక్రాలు తప్ప నమూనాలో మిగిలిన భాగాలన్నీ సిద్ధమై అతడి బల్ల మీద ఉన్నాయి.