నాట్యము జీవనోపాధి యగునా?

“అమ్మాయికి నాట్యము నేర్పింతుము గాని, దానినే వృత్తిగా జేసికొనుమని యెట్లు చెప్పుదుము?” అని నల్లగొండ, పాలమూరు సీమల తల్లులు సంశయించుట కలదు. ఈ నెల దీనిని గూర్చియే విచారింతము.

ఈ సంశయము నిర్మూలమైనది కాదు. నృత్యము మన సీమకు పరాయిది కాదు. ఆలంపుర శిల్పములందు నటరాజమూర్తి నేటికిని దర్శనమిచ్చుచున్నాడు. అయినను ఆడి పాడి కళను నిలిపిన స్త్రీలకు సంఘము గౌరవము నొసగలేదు. పాలమూరు పల్లెలలో పేదబాలికలను జోగినులుగా జేయు దురాచారము చిరకాలము సాగెను. 1988లో చట్టము దానిని నిషేధించెను. అది మిగుల మేలయ్యెను. కాని ఆట యన్నంతనే అపకీర్తి యను భయము ఇంకను కొన్ని యిండ్లలో నిలిచియున్నది.

ఆ భయమును పోగొట్టుటకు బోధనయే తోడ్పడినది. నటరాజ రామకృష్ణగారు (1923–2011) వృద్ధులైన కళావంతుల యొద్దకు బోయి, వారి యభినయము నభ్యసించి, దానిని ఆంధ్రనాట్యమను పేర లోకమునకు జూపిరి. జాయపసేనాని 13వ శతాబ్దిలో రచించిన నృత్తరత్నావళిని, రామప్పగుడి శిల్పములను ఆధారముగా గొని పేరిణి శివతాండవమును పునరుద్ధరించిరి. రంగస్థలమునకు దూరమైన యా వృద్ధస్త్రీలు గురువులుగా ఎంత విలువగలవారో దీనివలన తెలియుచున్నది.

నర్తకి రంగముపై నిలుచు కాలము స్వల్పము. మోకాళ్లు సహకరించునంతవఱకే ప్రదర్శనములు. ఆపైని విద్యాబోధనమే యాధారము. శోభానాయుడుగారు (1956–2020) వెంపటి చినసత్యముగారి శిష్యురాలై కీర్తి గడించి, హైదరాబాదులో కూచిపూడి విద్యాలయమును నడపి, తాను నేర్చిన విద్యను ఇతరులకు నేర్పిరి. 2001లో పద్మశ్రీ పొందిరి. ఆనందా శంకర్ జయంత్‌గారు రైల్వే శాఖలో ఉన్నతోద్యోగము చేయుచునే నర్తకిగా, గురువుగా పేరొందిరి. 2007లో పద్మశ్రీ వారికి లభించెను. ఒకరు విద్యాలయమును, ఒకరు ఉద్యోగమును ఆధారముగా గొనిరి.

కావున మేము చెప్పునది యిది. బాలికకు నాట్యముతోబాటు చదువును మాన్పింపకుడు. 1985లో హైదరాబాదున స్థాపితమై, 2025లో పాలమూరు సీమవారైన సురవరము ప్రతాపరెడ్డిగారి పేరు దాల్చిన తెలుగు విశ్వవిద్యాలయమున నృత్యమునందును పట్టము పొందవచ్చును. పట్టమున్నచో పాఠశాలలో ఉపాధ్యాయినిగా చేరుటకు తోడ్పడును. అరంగేట్రమునకు అప్పుచేసి పట్టుచీరలు, నగలు కొనుట కంటె, ఆ ధనమును రెండేండ్ల శిక్షణకు వినియోగించుట మేలు.

మఱియొక మాట. మన యూరిలో నాట్యము నేర్పు యువతి నెల జీతమడిగినపుడు కూరగాయల బేరము చేయువారు కలరు. వైద్యునకు, లెక్కల మాస్టరుకు మాఱు పలుకక ఇచ్చెదము. ఈ గురువునకు మాత్రము “పిల్లల ఆటయే కదా” యందుము. ఆమెకు న్యాయమైన వేతనము దక్కినచో మాత్రమే రేపు మన కుమార్తెయు ఆ వృత్తిలో నిలువగలదు. ఈ నెల జీతమును గడువునకు ముందే ఆమె చేతికందింపుడని మా విన్నపము.