కంట్రాక్టు కొలువు

"అబ్బాయిది ఏ కంపెనీ?"

మా కొండాపురపు అరుగులమీద పెండ్లిమాట వచ్చినపుడెల్ల మొదట పుట్టు ప్రశ్న యిది. నాయొద్ద చదివిన యొకనికడ దీనికి సమాధానము లేకపోయెను. అతడు హైదరాబాదులో కంప్యూటర్లు చక్కబెట్టు ఇంజనీరు. జీతమిచ్చువాడు కంట్రాక్టరు, పని మాత్రము ఒక ఆసుపత్రిలో, రెండు దుకాణములలో, ఒక ఆడిటరు కచ్చేరిలో. ఉదయమొకచోట సర్వరు ఆగును. మధ్యాహ్నము మఱియొకచోట ప్రింటరు మొరాయించును. రాత్రి రెండు గంటలకు ఫోను మ్రోగును. "మావాడింకను రాలేదేమి?" అని నలుగురును గద్దించువారే. రెండు మాసముల జీతము నిలిచిపోయినపుడు ఆ నలుగురిలో నొక్కరైనను "మావాడు" అనలేదు.

పెండ్లిచూపులకు వచ్చిన పెద్దమనుష్యులు "ఓహో, కంప్యూటరు మెకానిక్కా!" అని కాఫీ త్రాగి లేచిపోయిరి. వారిలో నొకరు సంఘసంస్కరణమునుగూర్చి యుపన్యసించువారని చెప్పుటకు సిగ్గగుచున్నది. కులమడుగుట తప్పని యొప్పుకొన్న నోటితోనే కంపెనీ నడుగుచున్నాము. అడుగుటలోని ధ్వని మాఱలేదు.

ఈ మెకానిక్కుల పని యెట్టిదో 2024 జూలై 19న లోకమునకు దెలిసెను. క్రౌడ్‌స్ట్రైక్ అను అమెరికా కంపెనీ పంపిన దోషపు సవరణ నందుకొని, మైక్రోసాఫ్టువారి యంచనా ప్రకారము 85 లక్షల యంత్రములు నీలితెర చూపి నిలిచిపోయెను. మన విమానాశ్రయములలో సైతము బోర్డింగుపాసులు చేతితో వ్రాసియిచ్చిరి. చెడుటకు గడియలు చాలెను. బాగగుటకో, పెక్కుచోట్ల మనుష్యుడు యంత్రముకడకు పోయి, సేఫ్‌మోడులో దానిని లేపి, ఆ ఫైలును తొలగింపవలసి వచ్చెను. అట్లు తిరిగినవారి కొలువు ఎట్టిదని యెవరైన నడిగిరా?

"ఇష్టములేనివాడు మానుకొనవచ్చును గదా" అందురు. మానుకొనుటకు ముందు, కొలువున్నదని చూపు కాగితమేది? 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన కార్మికస్మృతులలో ప్రతి యుద్యోగికిని నియామకపత్ర మీయవలెనని యున్నది. కంట్రాక్టరు ఎగవేసినచో పని చేయించుకొన్నవారు జీతము చెల్లింపవలెనన్న నియమమును గలదు. మంచిదే. కాని యొక్క దినములో నాలుగు గుమ్మములు త్రొక్కినవానికి ఎవరెంత బాకీ? ఆ లెక్క తేల్చుటకు వకీలు కావలెను. వకీలునకు రుసుము కావలెను. రాకపోయినది జీతమే గదా!

మీలో దుకాణములున్నవారు, వైద్యశాలలున్నవారు కలరు. కంప్యూటర్ల ఒప్పందముపై సంతకము చేయునపుడు, వచ్చువాని నియామకపత్రమును జూపుమని కంట్రాక్టరు నడుగుడు. గతమాసపు జీతము ముట్టినదని తేలినగాని బిల్లు చెల్లింపకుడు. నేను పనిచేయు పాఠశాలలోను ఈ మాట యెత్తితిని. గుమాస్తా నవ్వి, "అయ్యవారూ, మనకు ప్రింటరు బాగైతే చాలదా?" అనెను.